రెండిళ్ళ నడిమి గోడ

మొదటి రోజు చిటికెడు. తలుపు చట్రం కింద, గోడ మూలన, ఎవరో ముక్కుపొడి పీల్చి మిగిలింది దులిపేసినట్టుంది. ఆమె చీపురు కొసతో లాగి చేటలోకి ఎత్తేసింది. గదులు తుడిచేవాళ్ళు మట్టిని ఎక్కడి నుంచి వచ్చావని అడగరు. కనపడితే ఎత్తుతారు.

మర్నాడు మళ్ళీ చిటికెడు. ఆ మర్నాడు రెండు చిటికెలు. పదో రోజుకి పిడికెడయింది.

హోటల్లో ఆమెను అందరూ అద్దం అక్క అంటారు. ఆమె తుడిచిన నేలలో మొహం చూసుకోవచ్చని వంటవాళ్ళు పెట్టిన పేరది. పై అంతస్తులో ఆరు గదులు ఆమెవి. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా ఆరూ తళతళలాడాలి. పది గంటలకి సూపర్‌వైజరు జేబులోంచి తెల్లగుడ్డ తీసి మంచం కోళ్ళ కిందా, కిటికీ ఊచల వెనకా, తలుపుల నెత్తినా రుద్ది చూస్తాడు. గుడ్డ నల్లబడితే ఆ పూట అతని నోరు తెల్లగా ఉండదు. అందుకని తొమ్మిదో గది మూలనున్న మట్టిని ఆమె ముందుగా ఎత్తేసి, తడిగుడ్డతో తుడిచి, ఆనవాలు లేకుండా చేసేది. ఇరవై రెండు రోజులు చేసింది. ఆ ఇరవై రెండు రోజులూ గోడ ఏదో చెబుతూనే ఉంది, చెప్పిన ప్రతిసారీ తనే దాని మూతి తుడిచేసింది. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

ఒకప్పుడది హోటల్ కాదు, రెండు ఇళ్ళు. ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. ఒకదాన్నొకటి ఆనుకునేలా కట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండానే ముసలివాళ్ళై పోయారు. వాళ్ళ తర్వాత పిల్లలు, పిల్లల తర్వాత గబ్బిలాలు ఉన్నాయి. అన్నగారి మనవరాలు రెండిళ్ళనీ చేజిక్కించుకుని, బూజు దులిపి, సున్నం కొట్టించి, పాత మంచాలకి కొత్త పరుపులు వేయించి హోటల్ చేసింది. ప్రతి గుమ్మం పక్కనా ఒక ఇత్తడి పలక పెట్టించింది. ఆ గదిలో ఎవరు పుట్టారో ఎవరు పోయారో దాని మీద చెక్కి ఉంటుంది. బతికుండగా ఎవరికీ పట్టని మనుషుల పడకల మీద పడుకోవడానికి ఇప్పుడు జనం మూణ్ణెల్ల ముందే పేర్లు రాయించుకుంటున్నారు.

ఆ రెండిళ్ళనీ కలిపినవి మూడు తలుపులు. కింద భోజనశాలలో ఒకటి, పైన రెండు. నడిమి గోడ కొట్టి ఆ మూడింటికీ దారి తీసింది ఆమె మొగుడే. తాడుకి గుండు కట్టి గోడ నిలువు చూడడంలో అతన్ని మించినవాడు లేడు. నెత్తినిండా జుట్టున్న మనిషిని గుండు మేస్త్రి అంటుంటే కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. హోటల్ తెరిచిన రోజు యజమానురాలు అందరి ముందూ అతని చెయ్యి పైకెత్తి, "విడిపోయిన ఇళ్ళని కలిపిన చేతులివి" అంది. ఆ మాట అతను ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నిద్రలో కూడా చెప్పి ఉంటాడు. ఆ మాట పుణ్యమా అనే ఆమెకు అక్కడ పని దొరికింది.

పద్నాలుగో రోజున ఆమె మట్టిని పారబొయ్యడం మానేసింది. ఎందుకు మానిందో అడిగితే చెప్పలేకపోయేది. చేతికి బరువు తగిలింది, అంతే. దుప్పట్లు దాచే చిన్న గదిలో ఖాళీ బిస్కెట్ డబ్బాలున్నాయి. ఒకదాంట్లో పోసింది. మొదటి డబ్బా నిండడానికి నాలుగు రోజులు పట్టింది. రెండోది రెండు రోజుల్లో నిండింది. మూడోది ఒక్క రోజులో. నాలుగో డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

సూపర్‌వైజర్ని పిలిచి చూపించింది.

"సార్, తొమ్మిదో గదిలో గోడ రాలుతోంది."

అతను గోడ చూశాడు. తెల్లగా, నున్నగా, పెళ్ళికూతురి బుగ్గలా ఉంది. తెల్లగుడ్డతో ఒకసారి రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

"ఎక్కడమ్మా?"

"ఇందాకే తుడిచాను సార్. ఇదిగో, డబ్బాల్లో పోశాను."

అతను డబ్బాలకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూశాడు. "మట్టిని డబ్బాల్లో దాచావా? బంగారం అనుకున్నావా? అతిథులకి తెలిస్తే మన పరువేం కాను?"

"పరువు కాదు సార్, గోడ..."

"ఆ తలుపు పెట్టింది మీ ఆయనేగా? ఆయనకి లేని దిగులు నీకెందుకు? పో, ఆ డబ్బాలు తగలెయ్."

ఆమె తగలెయ్యలేదు. పాత తువ్వాళ్ళ వెనక్కి నెట్టింది.

ఆ సాయంత్రం మొగుడు టీ తాగుతుంటే అడిగింది.

"ఏమయ్యా, తొమ్మిదో గదిలో మట్టి రాలుతోంది. తలుపు పక్కన."

"పాత ఇల్లు. రాలక పూలు కాస్తుందా?"

"రోజుకో డబ్బాడు రాలుతోంది."

అతను కప్పు దించలేదు. కానీ మింగలేదు కూడా. ఆ ఒక్క క్షణం అతని గొంతుముడి కదలకుండా నిలిచిపోవడం ఆమె చూసింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు ఎప్పుడు ఎందుకు ఆగుతుందో ఆమెకి కొత్త కాదు.

"వానలకి చెమ్మ పట్టి ఉంటుంది. ఎండ కాస్తే అదే మానుతుంది" అన్నాడు.

"అది పుండా మానడానికి?"

"గదులు తుడిచేదానివి గదులు తుడుచుకోవే. గోడల గొడవ నాకొదిలెయ్." కప్పు టక్కున పెట్టి లేచిపోయాడు. టీ సగానికి సగం మిగిలింది. అతను టీ వదిలెయ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి తొమ్మిదో గది తలుపు తీసింది. రాత్రి దిగిన జంట అప్పటికే వెళ్ళిపోయారు. పక్క నలిగి ఉంది. తలగడ మీద ఎవరిదో పొడవాటి వెంట్రుక ఉంది. మంచం తలవైపు గోడకి ఆనించి ఉంటుంది. మంచానికీ కొత్త తలుపుకీ మధ్య ఎత్తైన చెక్క బీరువా ఒకటి ఉంది. దాని పక్కనే మూల. మూలన మట్టి. ఈసారి కుప్ప.

చీపురుతో లాగింది. కుప్పలో ఏదో చీపురుకి చిక్కుకుంది. వంగి చూసింది. చట్రానికీ గచ్చుకీ మధ్య వేలెడు సందు తెరుచుకుంది. అందులోంచి గోనెపట్టా అంచు ఒకటి, చచ్చిన ఎలుక తోకలా, బయటికి వేలాడుతోంది. పట్టుకుని లాగింది. చిరిగి ఊడి వచ్చింది, చేటంత ముక్క. దాని వెంటే ఇంకో దోసెడు మట్టి సర్రున జారింది.

ముక్కకి అతుకు ఉంది. నీలం చారల దుప్పటి గుడ్డతో వేసిన అతుకు. చుట్టూ ఎర్రదారం. పోగు పక్కన పోగు, మళ్ళీ అడ్డంగా పోగు.

ఆ కుట్టు ఆమెది.

మంచం పట్టె పట్టుకుంది, వెంటనే పాము మీద చెయ్యి పెట్టినట్టు వదిలేసింది. ఇంట్లో పాత దుప్పట్లు దాచుకునే గోనె సంచులు ఆరు, పోయిన ఏడు మాయమయ్యాయి. దొంగలు పడి బంగారం వదిలేసి గోనెలు ఎత్తుకెళ్ళారా అని ఆమె రెండు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. అతను కిమ్మనలేదు. ఆ రోజుల్లోనే ఇక్కడ తలుపులకి గోడ కొడుతున్నారు. అన్నదమ్ముల కాలంనాటి గోడలో తన చేతి కుట్టు ఎందుకుంటుంది? ఒకే దారిన వచ్చి ఉంటుంది. ఆమె మొగుడి చేతుల మీదుగా.

ముక్కని నడుముకి దోపుకుంది. మెట్లు దిగుతుంటే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు.

"తొమ్మిదో గది పదకొండుకల్లా సిద్ధంగా ఉండాలి. పువ్వులు పెట్టు. తమ్ముడింటి పెద్దావిడ దిగుతోంది. ఎనభై ఏళ్ళు దాటాయి. ఆ గదిలోనే పుట్టిందట, అదే గది కావాలని పట్టుబట్టింది. మునిమనవరాళ్ళిద్దరూ ఆమె పక్కనే పడుకుంటారు. నాలుగు రోజులు. వింటున్నావా? మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదు సార్. సబ్బు అయిపోయింది, తెస్తాను."

రెండు వీధుల అవతల ఒక మేడకి పూత పని జరుగుతోంది. ఆమె పరుగున వెళ్ళింది. గుండు మేస్త్రి పరంజా మీద ఉన్నాడు. ఆమెను చూసి కిందికి దిగాడు. తోటివాళ్ళు ఊరుకోలేదు.

"ఏం మేస్త్రీ, పొద్దున్నే పిలుపొచ్చింది? తాళాలు పట్టుకొచ్చావా ఏంటి?"

"నోరు మూసుకుని పని చూడండ్రా."

ఆమె అతన్ని ఇసక కుప్ప వెనక్కి తీసుకెళ్ళి గోనెముక్క తీసి చూపించింది. అతను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చూసి, కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. అరచేతులు పంట్లానికి తుడుచుకున్నాడు.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను? అది ఒక గోడ కాదు. రెండు."

"రెండేంటి?"

"కాగితం మీద ఒక్కటే గీశాడు ఆ పటం గీసినాయన, మూడడుగుల మందం అని. కొట్టి చూస్తే అటొక గోడ, ఇటొక గోడ. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ నిండా మట్టి, బూడిద, పెంకులు. అన్నకో గోడ, తమ్ముడికో గోడ. ఒకడి గోడ మీద ఇంకొకడు దూలం పెట్టనని ఉంటాడు. సందు పెట్టగానే మట్టి కారడం మొదలుపెట్టింది. ఒకరోజంతా కారింది. ఆపడానికి..." కాలితో ఇసకని తోశాడు. "ఆపడానికి సంచులు కుక్కాను. మీద గచ్చు వేశాను."

"చెప్పలేదా ఎవరికీ?"

"తెరవడానికి ఎనిమిది రోజులుంది. పిలుపులన్నీ వెళ్ళిపోయాయి. చెబితే అంతా విప్పి మళ్ళీ కట్టాలి. ఇన్నేళ్ళు పని చేసినవాణ్ణి, గోడ ఒకటో రెండో తట్టి చెప్పలేకపోయాడంటారు. నవ్వుతారే."

"తలుపు మీది దూలం?"

అతను పరంజాకేసి చూశాడు.

"దూలం దేని మీద ఆనింది?"

"అన్నగారి గోడ మీద బాగానే ఆనింది. తమ్ముడి గోడ మీద... జానెడు లేదు."

తొమ్మిదో గది తమ్ముడి ఇంట్లోది. మంచం ఆనించింది తమ్ముడి గోడకే. ఆమెకు ఆ మంచం మీద తలగడ, దాని మీది వెంట్రుక కళ్ళముందు కనిపించాయి. రోజూ ఆ తలగడ తనే దులిపి, సరిగ్గా గోడవైపే పెట్టేది.

"ఇవాళ అక్కడ ముసలావిడ పడుకుంటుంది. ఇద్దరు పిల్లలు కూడా. రా, వచ్చి చెప్పు."

"వచ్చే వారం గది ఖాళీ అవ్వనీ. నేనే వచ్చి ఏదో చెమ్మ అని చెప్పి దూలం కింద జాకీలు పెడతాను. ఇన్నాళ్ళు నిలబడింది, నాలుగు రోజులు నిలబడదా?"

"మట్టి పోతోంది కదయ్యా లోపల! ఇన్నాళ్ళు నిలబెట్టింది ఆ మట్టే కాదా?"

అది అతనికీ తెలుసు. తెలిసిన మొహమే. అయినా తల అడ్డంగా ఊపాడు. "నా పేరు పోతుందే. నాకున్నది అదొక్కటే. నువ్వు నోరు విప్పితే నన్ను నువ్వే చంపినట్టు."

పైనుంచి ఎవడో అరిచాడు, "మేస్త్రీ, సున్నం ఎండిపోతోంది!" అతను వెళ్ళిపోయాడు. పరంజా ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

తిరిగొచ్చే దారిలో ఆమెకు దారి కనపడలేదు. చెబితే మొగుడు పోతాడు. చెప్పకపోతే ముసలావిడా, పిల్లలూ పోతారు. రెంటికీ మధ్య సందెక్కడ? హోటల్ పెరటి గుమ్మం దగ్గరకి వచ్చేసరికి ఒకటి తట్టింది. హోటల్లో గదిని గంటలో ఖాళీ చేయించే మాట ఒకటుంది. గోడ పడుతుందంటే నమ్మరు, నిప్పంటుకుందంటే వెతుకుతారు. ఈ మాటకి మాత్రం వెతక్కుండానే పరుగెత్తుతారు.

"సార్" అంది సూపర్‌వైజరు చెవి దగ్గర, "తొమ్మిదో గదిలో నల్లులు."

అతని మొహంలో రంగు దిగిపోయింది. చుట్టూ చూసి, ఆమె రెక్క పట్టుకుని మెట్ల కిందికి లాగాడు. "మెల్లిగా! ఎన్ని?"

"పరుపు కుట్ల నిండా."

"నీ గదిలోనా? అద్దం అక్క గదిలో నల్లులా? ఇన్నాళ్ళూ ఏం తుడిచావ్?" అతని కళ్ళలో ఆమె పేరు అప్పటికప్పుడే మారిపోవడం ఆమె చూసింది. తలొంచుకుంది. తల ఎత్తితే నిజం బయటికొస్తుందని భయం.

పది నిమిషాల్లో మూటలు మోసేవాళ్ళిద్దరు పైకొచ్చారు. పరుపు, తలగడలు, తెరలు, మంచం అన్నీ బయటికి పోవాలి. బీరువా కూడా. ఆమె బీరువా సంగతి ఆలోచించలేదు. అది తలుపు పక్కన గోడని ఆనుకుని ఉంది. ఈ ఎనిమిది నెలలూ గోడే దాన్ని ఆనుకుని ఉందేమో!

"బీరువా వద్దు" అంది. "అందులో లేవు."

"నల్లులు నీకు చెప్పాయా అక్కా, ఎక్కడున్నాయో?" ఒకడు నవ్వి, బీరువా మూల పట్టుకున్నాడు. "పట్టరా, హూం!"

బీరువా కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక అడుగు. ఇంకొక అడుగు. బీరువా వెనక గోడకి వెంట్రుకంత గీత ఉంది. తలుపు మూలనుంచి ఏటవాలుగా పైకి పాకింది. బీరువా కదిలాక ఆ గీత వెంట్రుక కాదు, దారమైంది.

"త్వరగా, త్వరగా రండి నాయనా!"

"ఏం తొందర? నల్లి పరుగెత్తుతుందా?"

ఇద్దరూ బీరువాని వసారాలోకి దించి, చెమట తుడుచుకున్నారు. ఆమె ఊపిరి వదిలింది. గదిలో ఎవరూ లేరు. తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించుకుంది. అవతలి వైపు, అన్నగారి ఇంటి నుంచి వచ్చే తలుపుకి కూడా గడియ పెట్టి, దానికి అడ్డంగా బట్టల బండి నిలబెట్టింది. అయిపోయిందనుకుంది.

కాలేదు. పదకొండుకి మందు కొట్టేవాడు వచ్చాడు. వీపున పెద్ద డబ్బా, మెడలో మూతికి కట్టుకునే గుడ్డ, మొహం నిండా నవ్వు. వెనక సూపర్‌వైజరు ఉన్నాడు.

"తలుపు తియ్యి. లోపల గంటసేపు మూసుకుని కొట్టాలట."

ముగ్గుర్ని బయట ఉంచుదామని ఆడిన మాట, నాలుగో మనిషిని లోపలికి తోస్తోంది.

"ఇప్పుడొద్దు సార్. రేపు కొడతారు."

"రేపేంటి? పెద్దావిడ కింద కూర్చుంది! సాయంత్రానికి గది కావాలి. తియ్యి!"

తాళంచెవి ఆమె చేతిలోంచి అతనే లాక్కున్నాడు. తలుపు తెరుచుకుంది. మందు కొట్టేవాడు లోపలికెళ్ళి, టార్చి వేసి, మంచం ఉన్న చోట మోకాళ్ళ మీద వంగాడు. సరిగ్గా తలగడ ఉండే చోట.

"అన్నా, చూశావు కదా, వచ్చెయ్" అంది ఆమె.

"ఏం చూశానక్కా? ఒక్కటీ లేదు. నల్లి ఉంటే నల్లగా చుక్కలుంటాయి, వాసనుంటుంది. ఇక్కడ నేల నా పళ్ళెం కన్నా శుభ్రంగా ఉంది. నల్లి లేని గదికి మందు కొడితే నాకే సిగ్గు."

సూపర్‌వైజరు ఆమె వైపు తిరిగాడు. నుదుటి మీద నరం లేచింది. "అబద్ధమా? ఎందుకు? గది తుడవడానికి బద్ధకమేసి ఇంత నాటకం ఆడావా?"

"ముందు ఆయన్ని బయటికి రమ్మనండి సార్, తర్వాత నన్ను ఏమైనా అనండి."

"ఏమనాలో నాకు తెలుసు!" అతను కూడా లోపలికి నడిచాడు. గోడ పక్కన నిలబడి, ఆమెకేసి వేలు చూపిస్తూ అరుస్తున్నాడు. అతని మాటలు ఆమెకి వినపడలేదు. ఆమె మూలకేసి చూస్తోంది. రెండు గంటల కింద ఊడ్చిన మూల. అక్కడ మట్టి చేటెడుంది. చూస్తుండగానే దాని కొన మీద ఇంకొంచెం జారింది. జారుతూనే ఉంది. సర్‌ర్‌ర్ అని సన్నగా, ఆగకుండా.

"ఆ చప్పుడేంటి?" అన్నాడు మందు కొట్టేవాడు, తల పైకెత్తి.

ఆమె అప్పుడు నోరు విప్పింది.

"గోడ బోలు! లోపల మట్టి లేదు, సంచులున్నాయి! మా ఆయనే కుక్కాడు! బయటికి రండిరా!"

ఆ అరుపుకి మందు కొట్టేవాడు డబ్బాతో సహా ఎగిరి గుమ్మంలో పడ్డాడు. సూపర్‌వైజరు కదల్లేదు. అర్థం కాక నిలబడ్డాడు. ఆమె లోపలికి రెండడుగులు వేసి, అతని చొక్కా పట్టుకుని, బట్టల మూటని ఈడ్చినట్టు ఈడ్చింది. ఇద్దరూ గడప మీద బోర్లా పడ్డారు.

గోడ దబ్బున పడలేదు. కూలబడింది. మోకాళ్ళు విరిగిన మనిషిలా ముందు మధ్యలో మడతపడింది, తలుపు మీది దూలం ఒక పక్కకి ఒరిగింది, ఆ మీద ఇటుకలన్నీ మంచం తలవైపు ఉండే చోట కుప్పగా దిగాయి. తర్వాత దుమ్ము. తర్వాత ఏ చప్పుడూ లేదు. దుమ్ములోంచి అవతలి గోడ ఒంటరిగా కనిపించింది. రెంటికీ మధ్య ఖాళీలో గోనె సంచులు వేలాడుతున్నాయి, కసాయి కొట్టులో తోళ్ళలా.

జనం పరుగెత్తుకొచ్చారు. యజమానురాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వెనకాలే కర్ర టకటకలాడించుకుంటూ తమ్ముడింటి పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. లోపలికి తొంగి చూసి, మూతి విరిచింది.

"ఒకటే గోడ అని మీకు ఎవరు చెప్పారే? మా నాన్న ఆ గోడ మీద వాళ్ళ దూలం ఆననిచ్చేవాడా? రెండు గోడలని ఈ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. నన్నొక్క మాట అడిగారా?"

ఆవిడ మునిమనవరాళ్ళిద్దరూ ఆవిడ వెనక కొంగు పట్టుకుని నిలబడ్డారు. ఆరేళ్ళు, నాలుగేళ్ళు ఉంటాయి. అద్దం అక్క వాళ్ళని ఒకసారి చూసి, గోడకి ఆనుకోబోయి, ఆనుకోకుండా నేల మీద కూర్చుండిపోయింది.

ఆమె అరిచిన మాట ఎవరూ పట్టించుకోలేదు. మందు కొట్టేవాడికి గోడ పడ్డ చప్పుడే గుర్తుంది. సూపర్‌వైజరుకి గుర్తుందో లేదో, చెప్పదలచుకోలేదు. గోడ రాలుతోందని తనకి ముందే చెప్పిందన్న మాట కూడా దాంతో బయటికొస్తుంది కదా! పాత గోడ, వానకి నానింది, దేవుడి దయవల్ల గది ఖాళీగా ఉందన్నాడు అందరితో. నల్లుల సంగతి మాత్రం దాచలేదు. అబద్ధమాడినందుకు ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మొగుడు ముందే ఉన్నాడు. వార్త విన్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"అమ్మగారు మనిషిని పంపారు. గోడ మళ్ళీ నన్నే కట్టమన్నారు. నేనైతేనే నమ్మకమట." ఆమె కళ్ళలోకి చూడకుండా నవ్వబోయాడు. "ఎవరికీ ఏం కాలేదు కదా. నువ్వు తెలివిగా చేశావే. ఈసారి ఒక్క ఇటుక కూడా తేడా రానివ్వను."

ఆమె చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"మిగతా రెండు తలుపుల్లో?"

అతను చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"సంచులు ఆరు పోయాయి. ఇవాళ అక్కడ వేలాడుతుంటే లెక్కపెట్టాను. రెండే ఉన్నాయి. మిగతావెక్కడయ్యా?"

అతను చొక్కా మడతలు దులుపుకున్నాడు.

"భోజనశాలలో తలుపు కింద ఎంతమంది కూర్చుంటారో తెలుసా నీకు? ఇప్పుడు తింటూ ఉంటారు. ఆ ముసలావిడ కూడా. ఆ పిల్లలు కూడా."

"మెల్లిగా చేస్తాను. ఒకటొకటిగా. ఎవరికీ తెలియకుండా..."

"ఎన్నాళ్ళు?"

"నెల. రెణ్ణెల్లు."

ఆమె అతన్ని చూసింది. అతని చేతులు చూసింది. అందరి ముందూ పైకెత్తిన చేతులు. వాటిని పట్టుకునే తను ముప్పై ఏళ్ళు నడిచింది. ఆ పొద్దున్న అతని పేరు కాపాడడానికి ఒక అబద్ధం ఆడింది. ఆ అబద్ధం ఇంకో మనిషిని గోడ కిందికి పంపింది. ఇంకోటి ఆడే ఓపిక ఆమెకు లేదు.

నడుము దగ్గర తడిమి చూసుకుంది. గోనెముక్క ఉంది. ఎర్రదారం పోగులు వేలికి తగిలాయి.

"ఎక్కడికే?" అన్నాడు.

"వస్తే రా. నువ్వే చెబితే నీ నోటితో చెప్పినట్టుంటుంది. రాకపోతే నా నోటితో వింటారు."

"నేను బతకలేనే!"

"వాళ్ళు బతకాలి కదయ్యా."

వీధిలోకి నడిచింది. వెనక అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. మలుపు దాకా వినపడలేదు. మలుపు దాటాక కూడా వినపడలేదు. ఇక వినడం మానేసి పరుగెత్తింది. హోటల్ ముందుకి వచ్చేసరికి భోజనశాల కిటికీల్లో దీపాలు వెలిగి ఉన్నాయి. అద్దాల వెనక తలలు కదులుతున్నాయి. తలుపు కింది బల్ల దగ్గర, గోడకి వీపు ఆనించి, పెద్దావిడ కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లలూ చెరో పక్కనా.

పనివాళ్ళు ముందు మెట్లు ఎక్కకూడదు. ఆమె ముందు మెట్లే ఎక్కింది.